బహిరంగ సంగీతసభలు - ధ్వనివర్ధక శ్రేణుల ఎంపిక: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఆరుబయట జరిగే సంగీతసభలో శ్రోతకు చేరే ధ్వని కళాకారుల ప్రతిభతోపాటు వేదికకు ఇరువైపులా నిలిపిన ధ్వనివర్ధకాల అమరికపైన కూడా ఆధారపడుతుంది. గోడలు, పైకప్పు లేని మైదానంలో దూరం, గాలి, తేమ, ఉష్ణోగ్రత ధ్వనిని మార్చివేస్తాయి. సభానిర్వాహకులు సాధారణంగా బాక్సుల సంఖ్యను, వాట్ల లెక్కను చూసి ధ్వనివర్ధకాలను ఎంపిక చేస్తారు. ఈ పద్ధతివలన ముందువరుసల వారికి చెవులు చిల్లులు పడటం, వెనుకవరుసల వారికి సాహిత్యం వినబడకపోవడం, పరిసరాల నివాసులకు నిద్ర దూరం కావడం జరుగుతున్నది. బిందుజనకం, రేఖాజనకం అనే రెండు ధ్వనిప్రసార పద్ధతుల స్వభావాన్ని వివరించి, మైదానం కొలతలను, సంగీతరీతిని, వాతావరణాన్ని, చట్టపరిమితులను బట్టి ధ్వనివర్ధక శ్రేణిని ఎంపిక చేసుకునే క్రమాన్ని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ధ్వనివర్ధకం, లైన్ అరే, విలోమవర్గ నియమం, తరంగదైర్ఘ్యం, డిలే టవరు, సబ్‌వూఫరు, శబ్దకాలుష్యం, సాహిత్యస్పష్టత.

1. ఉపోద్ఘాతం:

తెలుగునాట ఆరుబయలు ప్రదర్శనకు దీర్ఘమైన చరిత్ర ఉంది. హరికథ, బుర్రకథ, వీధిభాగవతం, పద్యనాటకం అన్నీ ఊరి నడుమ, గుడి ముందర, పందిరి కింద పెరిగిన కళలే. ఆదిభట్ల నారాయణదాసు (1864-1945) వంటి హరికథకుల తొలి ప్రదర్శనల కాలానికి మైకు లేదు. కంఠమే ఆనాటి ధ్వనియంత్రం. హెచ్చుశ్రుతి, సాగదీసిన రాగాలాపన, వంతపాట వంటి లక్షణాలకు కళాపరమైన కారణాలతోపాటు చివరివరుసలో కూర్చున్నవారికి మాట చేరాలన్న అవసరం కూడా తోడై ఉంటుందని భావించవచ్చు.

మైకు వచ్చిన తర్వాత ఈ భారం యంత్రంమీద పడింది. మొదట హారన్ గొట్టాలు, తర్వాత కాలమ్ స్పీకర్లు, ఆపైన పేర్చిన పెద్దపెద్ద బాక్సులు, నేడు ట్రస్‌కు వేలాడదీసే లైన్ అరేలు సభాప్రాంగణాలలో కనిపిస్తున్నాయి. సినిమా వేడుకలు, కళాశాల ఉత్సవాలు, తిరునాళ్లు, శాస్త్రీయ సంగీతసభలు, జానపద కళోత్సవాలు అన్నింటికీ ఒకే రకపు బాక్సులు అద్దెకు రావడం పరిపాటి అయింది. అయితే ప్రతి మైదానానికీ ఒక ఆకృతి, ప్రతి సంగీతరీతికీ ఒక అవసరం ఉన్నాయి. వీటిని గుర్తించకుండా చేసిన ఎంపిక ఎంత ఖరీదైనదైనా ప్రయోజనం నెరవేర్చదు.

2. చారిత్రక నేపథ్యం:

విద్యుత్ సహాయంతో జనసమూహానికి ధ్వనిని వినిపించిన తొలి ఘట్టాలలో 1915 డిసెంబరు 24న శాన్‌ఫ్రాన్సిస్కో నగర సభాభవనం ఎదుట జరిగిన ప్రదర్శన ప్రసిద్ధమైనది. పీటర్ జెన్సెన్, ఎడ్విన్ ప్రిధమ్ రూపొందించిన మాగ్నవాక్స్ యంత్రం అక్కడ వేలాదిమందికి ప్రసంగాన్ని, సంగీతాన్ని వినిపించింది. 1925లో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ ప్రకటించిన చలనతీగచుట్ట స్పీకరు నేటికీ చాలా ధ్వనివర్ధకాలకు మూలరూపం.

పరిమాణం పెరిగినకొద్దీ పాత పద్ధతుల లోపాలు బయటపడ్డాయి. 1965 ఆగస్టు 15న న్యూయార్కులోని షే స్టేడియంలో బీటిల్స్ బృందం 55,000 మందికి పైగా శ్రోతల ముందు పాడినప్పుడు అక్కడి ధ్వనివ్యవస్థ జనఘోషను దాటలేకపోయింది. 1974లో గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం 'వాల్ ఆఫ్ సౌండ్' పేరుతో వందలాది స్పీకర్లను నిలువు వరుసలుగా పేర్చి, ఒక్కొక్క వాద్యానికి ఒక్కొక్క వరుసను కేటాయించింది. నిలువు వరుస ధ్వనిని దూరానికి చేర్చగలదని ఆ ప్రయోగం చాటింది. కానీ దాని బరువును, రవాణాభారాన్ని మోయలేక కొద్ది నెలలకే బృందం దానిని విరమించుకున్నది.

నిలువు వరుసను శాస్త్రీయంగా నిర్వచించినవారు ఫ్రాన్సు దేశీయులు క్రిస్టియన్ హీల్, మార్సెల్ అర్బన్. వీరు 1992లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీకి సమర్పించిన పత్రంలో విడివిడి స్పీకర్లు ఏ నిబంధనలకు లోబడితే ఒకే అఖండ జనకంగా ప్రవర్తిస్తాయో గణితపరంగా చూపారు. ఆ సిద్ధాంతం ఆధారంగా ఎల్-అకౌస్టిక్స్ సంస్థ తెచ్చిన వి-డాస్క్ నేటి లైన్ అరేలకు మార్గదర్శకమైంది.

3. ధ్వని ప్రసరణ - రెండు పద్ధతులు:

3.1 బిందుజనకం:

ఒకే చోటినుండి వెలువడే ధ్వని గోళాకారంగా వ్యాపిస్తుంది. దూరం రెట్టింపైతే అదే శక్తి నాలుగురెట్ల వైశాల్యంమీద పరచుకుంటుంది. దీనినే విలోమవర్గ నియమం అంటారు. డెసిబెల్ లెక్కలో ఇది దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్ తగ్గుదల. స్పీకరునుండి 8 మీటర్ల దూరంలో 105 డెసిబెల్ వినబడితే, 16 మీటర్లవద్ద 99, 32 మీటర్లవద్ద 93, 64 మీటర్లవద్ద 87 మాత్రమే మిగులుతాయి. వెనుకవారికోసం ధ్వనిని పెంచితే ముందువారి చెవులకు హాని; ముందువారికోసం తగ్గిస్తే వెనుకవారికి నిరాశ. బహిరంగసభలలోని ప్రధానసమస్య ఈ ఒక్క నియమంలోనే ఉంది.

3.2 రేఖాజనకం:

ధ్వని ఒక పొడవైన నిలువు రేఖనుండి వెలువడితే అది గోళాకారంగా కాక స్తంభాకారంగా వ్యాపిస్తుంది. పైకీ కిందకీ విస్తరించదు. పక్కలకు మాత్రమే విస్తరిస్తుంది. కాబట్టి దూరం రెట్టింపైతే 3 డెసిబెల్ మాత్రమే తగ్గుతుంది. లైన్ అరేకు ఉన్న ప్రతిష్ఠ అంతా ఈ 3 డెసిబెల్ తేడాపైన నిలిచింది.

అయితే ఈ లాభం ఒక హద్దువరకే. ఆ హద్దు దాటాక రేఖాజనకం కూడా బిందుజనకంలాగే ప్రవర్తిస్తుంది. శ్రేణి పొడవు వర్గాన్ని పౌనఃపున్యంతో గుణించి, ధ్వనివేగానికి రెట్టింపుతో భాగిస్తే ఆ హద్దు సుమారుగా తెలుస్తుంది. 4 మీటర్ల పొడవున్న తిన్నని శ్రేణికి, ధ్వనివేగం సెకనుకు 343 మీటర్లుగా తీసుకుంటే, 250 హెర్ట్జ్ వద్ద హద్దు సుమారు 6 మీటర్లు. 1,000 హెర్ట్జ్ వద్ద 23 మీటర్లు. 4,000 హెర్ట్జ్ వద్ద 93 మీటర్లు. అంటే ఒకే శ్రేణి తారధ్వనులకు చాలా దూరం రేఖగా, మంద్రధ్వనులకు కొద్ది అడుగులలోనే బిందువుగా మారిపోతుంది.

నాలుగు చిన్నబాక్సులను కలిపి ఒక మీటరు పొడవుకు వేలాడదీస్తే ఏమవుతుందో ఇదే సూత్రం చెబుతుంది. 1,000 హెర్ట్జ్ వద్ద హద్దు ఒకటిన్నర మీటర్లు. 4,000 హెర్ట్జ్ వద్ద దాదాపు 6 మీటర్లు. మొదటి వరుస శ్రోతకు చేరకముందే రేఖాజనక లక్షణం ముగిసిపోతుంది. పైగా శ్రేణి పొడవుకంటె తరంగదైర్ఘ్యం ఎక్కువైతే నిలువుదిశలో ధ్వనిని అదుపు చేయడం సాధ్యం కాదు. మీటరు పొడవున్న శ్రేణికి ఈ అదుపు సుమారు 343 హెర్ట్జ్ పైన మాత్రమే దొరుకుతుంది. 4 మీటర్ల శ్రేణికి 86 హెర్ట్జ్ నుండే దొరుకుతుంది. పురుషకంఠం మూలధ్వని, మృదంగం తొప్పినాదం 343 హెర్ట్జ్ కింద ఉంటాయి. కాబట్టి చూపులకు లైన్ అరేలా ఉన్న నాలుగు బాక్సుల అమరిక శ్రోతకు ఇచ్చేది సాధారణ స్పీకరు ఇచ్చేదానికంటె ఎక్కువేమీ కాదు.

3.3 అఖండత నిబంధన:

పక్కపక్కన ఉన్న రెండు స్పీకర్ల ధ్వనులు శ్రోతను వేర్వేరు సమయాలలో చేరితే వ్యతికరణం కలుగుతుంది. రెండు మార్గాల తేడా 17 సెంటీమీటర్లు ఉంటే 1,000 హెర్ట్జ్ వద్ద ఒక శృంగం మరొక ద్రోణితో కలిసి ధ్వని రద్దవుతుంది. శ్రోత రెండడుగులు పక్కకు జరిగితే రద్దయ్యే పౌనఃపున్యం మారుతుంది. ఒకే స్తంభానికి రెండు మూడు హారన్ గొట్టాలు కట్టిన ఊరిసభలలో నడుస్తూ వింటే గొంతు రంగు మారుతున్నట్లు అనిపించడానికి కారణం ఇదే.

దీనిని నివారించాలంటే పక్కపక్క జనకాల కేంద్రాలమధ్య దూరం తరంగదైర్ఘ్యంలో సగానికి మించరాదు. 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్న రెండు కోన్ స్పీకర్లు సుమారు 570 హెర్ట్జ్ వరకే ఈ నిబంధనను పాటించగలవు. 16,000 హెర్ట్జ్ వద్ద సగం తరంగదైర్ఘ్యం ఒక సెంటీమీటరు మాత్రమే. అంత దగ్గరగా స్పీకర్లను అమర్చలేము కాబట్టి, తారధ్వనులకు వేవ్‌గైడ్ అనే ప్రత్యేకమార్గం ద్వారా చదునైన తరంగాగ్రాన్ని సృష్టిస్తారు. బాక్సులను కలిపినప్పుడు ఈ చదునైన భాగం మొత్తం ఎత్తులో కనీసం 80 శాతం ఉండాలని హీల్, అర్బన్ సిద్ధాంతం చెబుతుంది. వేవ్‌గైడ్ సరిగాలేని బాక్సులను ఎన్ని వేలాడదీసినా తారధ్వనులు ముక్కలుగానే వినిపిస్తాయి.

4. ఆరుబయలు వాతావరణ ప్రభావం:

4.1 గాలి శోషణ:

గాలి తారధ్వనులను ఎక్కువగా, మంద్రధ్వనులను తక్కువగా గ్రహిస్తుంది. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 9613 పట్టిక ప్రకారం 30 డిగ్రీల ఉష్ణోగ్రత, 70 శాతం సాపేక్ష ఆర్ద్రత ఉన్నప్పుడు 100 మీటర్ల దూరంలో 1,000 హెర్ట్జ్ వద్ద ఒక డెసిబెల్ కంటె తక్కువ, 4,000 హెర్ట్జ్ వద్ద 2.3, 8,000 హెర్ట్జ్ వద్ద 5.9 డెసిబెల్ నష్టం కలుగుతుంది. 15 డిగ్రీలు, 20 శాతం ఆర్ద్రత ఉన్న పొడిచలిలో 4,000 హెర్ట్జ్ వద్ద నష్టం 8.9, 8,000 హెర్ట్జ్ వద్ద 20.2 డెసిబెల్‌కు చేరుతుంది. దూరంవలన కలిగే తగ్గుదలకు ఇది అదనం. కోస్తా సాయంత్రాల తేమగాలి, తెలంగాణ, రాయలసీమల పొడిగాలి ఒకే అమరికకు లొంగవు.

ఈ నష్టానికీ సాహిత్యస్పష్టతకూ దగ్గరి సంబంధం ఉంది. తెలుగులో అచ్చుల శక్తి ఎక్కువగా కింది పౌనఃపున్యాలలో, శ, ష, స వంటి ఊష్మాల శక్తి పై పౌనఃపున్యాలలో ఉంటుంది. 'శరము', 'సరము' అనే పదాల భేదం, 'పాలు', 'తాలు', 'కాలు' అనే పదాల మొదటి హల్లుల భేదం శ్రోతకు తెలిసేది క్షణకాలం వెలువడే ఈ పైధ్వనులవల్లనే. అవి దారిలో లోపిస్తే స్వరం వినబడుతుంది, రాగం గుర్తుపట్టవచ్చు, కాని మాట అర్థం కాదు. కృతిలోని పదవిభజన, పద్యంలోని యతిప్రాసలు, కథాగానంలోని చమత్కారం అన్నీ అక్కడితో పోతాయి. సాహిత్యప్రధానమైన తెలుగు సంగీతానికి చివరివరుసలో 4,000 హెర్ట్జ్ పరిసరాల ధ్వని నిలిచి ఉండటం అత్యవసరం.

4.2 గాలివాటం, ఉష్ణోగ్రత:

పగలు నేల వేడెక్కినప్పుడు కిందిగాలిలో ధ్వనివేగం ఎక్కువ, పైగాలిలో తక్కువ. అందువలన ధ్వని పైకి వంగి దూరపు శ్రోతలను తప్పించుకుంటుంది. రాత్రి నేల చల్లబడితే ఇందుకు విరుద్ధంగా ఉష్ణోగ్రతా విలోమం ఏర్పడి ధ్వని కిందికి వంగుతుంది. మధ్యాహ్నం పరీక్షించినప్పుడు మైదానం దాటని పాట రాత్రి దూరపు కాలనీలో స్పష్టంగా వినబడటానికి ఇది ముఖ్యకారణం. గాలికి ఎదురుగా వెళ్లే ధ్వని పైకి, గాలివాలుగా వెళ్లే ధ్వని కిందికి వంగుతాయి. వేదిక దిశను నిర్ణయించేటప్పుడే ఆ ఋతువులో సాయంత్రం గాలి ఎటునుండి వీస్తుందో గమనించడం మేలు.

5. ఎంపిక క్రమం:

5.1 మైదానం కొలతలు:

మొదట కొలవవలసినవి మూడు: స్పీకరునుండి మొదటివరుసకు దూరం, చివరివరుసకు దూరం, శ్రోతలు కూర్చునే వెడల్పు. ఉదాహరణకు చదునైన కళాశాల మైదానంలో మొదటివరుస 8 మీటర్లు, చివరివరుస 90 మీటర్లు అనుకుందాం. స్పీకర్లు శ్రోతల చెవుల ఎత్తులోనే ఉంటే ముందు, వెనుక వరుసలమధ్య తేడా 21 డెసిబెల్. స్పీకర్లను చెవులకంటె 6.8 మీటర్లు పైకి ఎత్తితే మొదటివరుసకు నిజమైన దూరం 10.5 మీటర్లు అవుతుంది, తేడా 18.7 డెసిబెల్‌కు తగ్గుతుంది. ఎత్తువలన వచ్చిన నేరులాభం 2.3 డెసిబెల్ మాత్రమే అయినా, ధ్వని జనం తలలకు రాసుకుంటూ పోయి తారధ్వనులను కోల్పోకుండా ఉండటం అంతకంటె పెద్దలాభం.

మిగిలిన తేడాను శ్రేణి వంపుతో సరిచేయాలి. లైన్ అరేలో పైబాక్సుల మధ్యకోణం ఒక డిగ్రీలోపు ఉంచి వాటి శక్తినంతా దూరానికి పంపుతారు. కిందిబాక్సుల మధ్యకోణం 5 నుండి 10 డిగ్రీలవరకు పెంచి దగ్గరివారికి పలుచగా పంచుతారు. ఆంగ్ల 'జె' అక్షరాన్ని పోలిన ఈ వంపు ప్రతి మైదానానికీ వేరు. ఒక ఊరిలో సరిపోయిన కోణాలను మరొక ఊరిలో అలాగే వాడటం తరచుగా జరిగే పొరపాటు. ఈజ్ ఫోకస్, సౌండ్‌విజన్, అరేకాల్క్ వంటి సాఫ్ట్‌వేర్‌లలో మైదానం కొలతలు ఇస్తే కోణాలను, ప్రతివరుసలోని ధ్వనిస్థాయిని ముందుగానే చూపుతాయి.

5.2 కావలసిన ధ్వనిస్థాయి:

80 మీటర్లవద్ద సగటున 90 డెసిబెల్ కావాలనుకుంటే, బిందుజనకానికి ఒక మీటరువద్ద 128 డెసిబెల్ నిరంతరస్థాయి అవసరం. డప్పు, మృదంగం దెబ్బల శిఖరాలకు సగటుకంటె కనీసం 12 డెసిబెల్ వెసులుబాటు ఉండాలి. అంటే శిఖరస్థాయి 140 డెసిబెల్. పత్రాలలో 140 డెసిబెల్ అని ప్రకటించిన బాక్సు ఈ పనిలో తన చివరిహద్దులో నిలబడి ఉంటుంది. ప్రకటించిన సంఖ్య శిఖరానిదా, నిరంతరస్థాయిదా అని అడిగి తెలుసుకోవాలి. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్ మాత్రమే. 10 డెసిబెల్ పెరగాలంటే పదిరెట్ల శక్తి కావాలి. వాట్ల సంఖ్యనుబట్టి ధ్వనిని అంచనా వేయడం ఎందుకు తప్పో ఇది తెలియజేస్తుంది.

5.3 డిలే టవర్లు:

దూరం ఎక్కువైనప్పుడు ముందుశ్రేణిని పెంచుతూ పోవడానికి బదులు మధ్యలో మరొక స్పీకరు వ్యవస్థను నిలపవచ్చు. పై ఉదాహరణలో ఒక్కొక్క వ్యవస్థ 40 మీటర్ల దూరాన్ని మోస్తే చాలు కాబట్టి కావలసిన స్థాయి 6 డెసిబెల్ తగ్గుతుంది.

అయితే విద్యుత్సంకేతం తీగలో క్షణంలో చేరుతుంది. ధ్వని గాలిలో నెమ్మదిగా నడుస్తుంది. 30 డిగ్రీల ఉష్ణోగ్రతలో ధ్వనివేగం సెకనుకు సుమారు 349 మీటర్లు. వేదికనుండి 50 మీటర్ల దూరంలోని టవరుకు ముందుశ్రేణి ధ్వని 143 మిల్లీసెకన్ల తర్వాత చేరుతుంది. నిమిషానికి 60 అక్షరాలుగా ఆదితాళం వేస్తే, అక్షరానికి ఎనిమిది దెబ్బల వేగంలో ఒక్కొక్క మృదంగఘాతానికి 125 మిల్లీసెకన్లు. టవరును ఆలస్యం చేయకపోతే దానికింద కూర్చున్న శ్రోతకు ప్రతిదెబ్బా తర్వాతి దెబ్బను దాటి మరొకసారి వినబడుతుంది. లయ పూర్తిగా చెదిరిపోతుంది.

కావున టవరు సంకేతాన్ని 143 మిల్లీసెకన్లు ఆపి, దానికి మరొక 5 నుండి 15 మిల్లీసెకన్లు చేర్చుతారు. ముందు చేరిన ధ్వని దిశనే చెవి జనకదిశగా గ్రహిస్తుందని హెల్ముట్ హాస్ 1949నాటి పరిశోధనలో చూపాడు. ఆ అదనపు ఆలస్యంవలన టవరుకింది శ్రోతకూ పాట వేదికనుండే వస్తున్నట్లు అనిపిస్తుంది. ఉష్ణోగ్రత 35 నుండి 25 డిగ్రీలకు పడిపోతే ఈ 50 మీటర్ల ప్రయాణానికి రెండున్నర మిల్లీసెకన్లు ఎక్కువ పడుతుంది. సాయంత్రం సరిచేసిన ఆలస్యాన్ని రాత్రి మరొకసారి చూసుకోవడం ఇందుకే.

5.4 మంద్రధ్వనుల అమరిక:

సబ్‌వూఫర్లను వేదికకు ఎడమ, కుడి వైపుల విడిగా పెడితే నడిమిరేఖపై రెండింటి ధ్వనులు కలిసి మంద్రం ఉబ్బుతుంది; పక్కలకు జరిగితే కొన్నిచోట్ల రద్దవుతుంది. 60 హెర్ట్జ్‌కు మార్గాల తేడా సుమారు 2.9 మీటర్లు ఉన్న ప్రతిచోటా ఈ రద్దు కలుగుతుంది. వేదిక ముందు ఒకే వరుసగా అమర్చడం దీనికి ఒక పరిష్కారం.

మంద్రధ్వని బాక్సు ముందుకు ఎంత వెళ్తుందో వెనుకకూ దాదాపు అంతే వెళ్తుంది. వెనుక కళాకారులు, వారి మైకులు, ఆపైన ఇళ్లు ఉంటాయి. ఒకదాని వెనుక ఒకటిగా రెండు సబ్‌వూఫర్లను 60 హెర్ట్జ్ తరంగదైర్ఘ్యంలో నాలుగోవంతు, అంటే సుమారు 1.45 మీటర్ల దూరంలో పెట్టి, ముందుదానిని 4.2 మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తే ముందువైపు రెండు ధ్వనులూ ఒకేసారి కలుస్తాయి. వెనుకవైపు అవి సగం ఆవర్తనకాలం తేడాతో చేరి ఒకదానినొకటి రద్దుచేసుకుంటాయి. దీనిని ఎండ్‌ఫైర్ అమరిక అంటారు. స్థలం తక్కువైతే ఒక బాక్సును వెనుకకు తిప్పి, ధ్రువత మార్చి, తగిన ఆలస్యం ఇచ్చే కార్డియాయిడ్ అమరికను వాడవచ్చు.

5.5 సంగీతరీతి:

శాస్త్రీయ గాత్రసభకు స్పష్టత, సహజనాదం ప్రధానం. సబ్‌వూఫర్ల అవసరం స్వల్పం. తంబుర శ్రుతి, వయొలిన్ గమకం మృదంగం తొప్పినాదంలో మునిగిపోరాదు. సినిమాపాటల సభలో 40 నుండి 100 హెర్ట్జ్ మధ్యనున్న మంద్రధ్వనే శ్రోతల ఉత్సాహానికి ఆధారం. డప్పు, నాదస్వరం వంటి వాద్యాలు స్వయంగా బిగ్గరవి. చిన్నప్రాంగణంలో వాటికి మైకు పెట్టడంకంటె వాటి స్థాయికి గొంతును ఎత్తడమే ధ్వనినిపుణుని పని. హరికథ, పద్యనాటకాలకు మాటే ప్రాణం కాబట్టి చివరివరుసలోని అక్షరస్పష్టతను కొలమానంగా పెట్టుకోవాలి.

స్థూలంగా చెప్పాలంటే, 30 మీటర్లలోపు లోతున్న ప్రాంగణానికి ఎత్తుగా నిలిపిన మంచి బిందుజనక స్పీకర్ల జంట చాలును. 30 నుండి 60 మీటర్లవరకు తగినంత పొడవున్న మధ్యస్థ లైన్ అరే ఉపయోగపడుతుంది. అంతకుమించితే పెద్దశ్రేణి, డిలే టవర్లు కలిసి పనిచేయాలి. రెండు ప్రధానశ్రేణుల మధ్య నడుమ కూర్చున్న ముందువరుసల వారికి వేదిక అంచున చిన్నస్పీకర్లు ఏ సందర్భంలోనైనా అవసరం.

6. భద్రత, చట్టం:

6.1 వేలాడే బరువు:

పెద్దసభలలో వాడే ఎల్-అకౌస్టిక్స్ కె1 బాక్సు ఒక్కొక్కటి 106 కిలోలు. పన్నెండింటిని కలిపితే 1,272 కిలోలు. ఫ్రేము, గొలుసులు, తీగలు అదనం. జనంపక్కన ఇంతబరువు గాలిలో ఉన్నప్పుడు ట్రస్ సామర్థ్యం, పునాది, చైన్ హాయిస్ట్ స్థితి, అదనపు భద్రతాతీగ అన్నీ అర్హతగలవారు పరీక్షించవలసినవే. వేసవి సాయంత్రాలలో ఈదురుగాలి హఠాత్తుగా వస్తుంది. గాలివేగం ఏ స్థాయికి చేరితే శ్రేణిని కిందికి దించాలో సభకు ముందే నిర్ణయించి, ఆ నిర్ణయం తీసుకునే వ్యక్తిని నియమించాలి. నమ్మకమైన నిర్మాణం దొరకనిచోట బాక్సులను గట్టి వేదికపై పేర్చడమే ఉత్తమం. కొంత ధ్వని తగ్గినా ప్రాణభయం ఉండదు.

6.2 శబ్దపరిమితులు:

భారతదేశంలో శబ్దకాలుష్య (నియంత్రణ, అదుపు) నియమాలు 2000 సంవత్సరంలో అమలులోకి వచ్చాయి. నివాసప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్(ఏ). వాణిజ్యప్రాంతాలలో 65, 55 డెసిబెల్(ఏ) పరిసరప్రమాణాలు. బహిరంగస్థలంలో ధ్వనివర్ధకం వాడినప్పుడు ఆ స్థలం సరిహద్దువద్ద శబ్దం ఈ ప్రమాణంకంటె 10 డెసిబెల్(ఏ) ఎక్కువ లేదా 75 డెసిబెల్(ఏ), ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది మించరాదు. నివాసప్రాంతంలో పగటివేళ అది 65 అవుతుంది. రాత్రి 10 గంటలనుండి ఉదయం 6 గంటలవరకు ఆరుబయట ధ్వనివర్ధకాల వాడకం నిషిద్ధం. సాంస్కృతిక, మతపరమైన ఉత్సవాలకు సంవత్సరానికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రివరకు అనుమతించే అధికారం రాష్ట్రప్రభుత్వాలకు ఉంది.

ఈ పరిమితి ఎంత కఠినమైనదో ఒక లెక్క చెబుతుంది. 30 మీటర్లవద్ద 95 డెసిబెల్(ఏ) ఉన్న ధ్వని, బిందుజనక నియమం ప్రకారం, భూమి, గాలి, భవనాల ప్రభావాన్ని లెక్కించకపోతే, 65కు తగ్గడానికి సుమారు 950 మీటర్లు ప్రయాణించాలి. ఊరిమధ్య మైదానంలో అంతదూరం ఎక్కడా ఉండదు. శ్రోతలవద్ద ధ్వనిని నిలిపి, చివరివరుస దాటగానే తెంచగల దిశానియంత్రణ ఉన్న అమరిక, మితమైన ధ్వనిస్థాయి మాత్రమే ఇందుకు మార్గం. పెద్దశ్రేణి ఒక్కదానికి బదులు చిన్నస్పీకర్లను శ్రోతలకు దగ్గరగా పలుచోట్ల పంచడం చాలాచోట్ల మేలైన పరిష్కారం.

'ఏ' కొలమానం మంద్రధ్వనులను చాలా తక్కువగా లెక్కిస్తుందని కూడా గమనించాలి. 63 హెర్ట్జ్ వద్ద అది 26 డెసిబెల్‌ను తగ్గించి చూపుతుంది. కాబట్టి మీటరులో అంకె పరిమితిలోనే ఉన్నా, పక్కఇంటి కిటికీలు అదురుతూనే ఉండవచ్చు. ఆ ఇంటిలోని వృద్ధులకు, రోగులకు, చదువుకునే పిల్లలకు అంకెతో నిమిత్తం లేదు. సబ్‌వూఫర్ల దిశానియంత్రణ ఇక్కడ చట్టం కంటె ముందు నడవవలసిన మర్యాద.

శ్రోతల చెవుల విషయంలో ప్రపంచ ఆరోగ్యసంస్థ 2022లో ప్రకటించిన ప్రమాణం 15 నిమిషాల సగటు 100 డెసిబెల్(ఏ) దాటరాదని చెబుతుంది. ముందువరుసలలో సాధారణంగా పిల్లలు కూర్చుంటారు. కాబట్టి మిక్సరువద్ద కొలిచిన స్థాయితో తృప్తిపడక, ముందువరుసలో కూడా కొలవాలి.

7. ముగింపు:

బహిరంగసభకు ధ్వనివర్ధక శ్రేణిని ఎంపిక చేయడంలో మొదటిప్రశ్న ఎన్ని బాక్సులు అన్నది కాక ఎంతదూరం, ఎవరికి, ఏ సంగీతం అన్నది కావాలి. పై పరిశీలననుండి ఈ కింది అంశాలు తేలుతున్నాయి.

- బిందుజనకం దూరం రెట్టింపైతే 6 డెసిబెల్, రేఖాజనకం 3 డెసిబెల్ కోల్పోతాయి. రేఖాజనక లాభం శ్రేణి పొడవుకు, పౌనఃపున్యానికి లోబడినది.
- మీటరు పొడవున్న నాలుగుబాక్సుల శ్రేణి లైన్ అరే ప్రయోజనాన్ని దాదాపుగా ఇవ్వదు. చిన్నప్రాంగణాలకు బిందుజనక స్పీకర్లే యుక్తమైనవి.
- దూరం పెరిగినప్పుడు ధ్వనిని పెంచడంకంటె, సరైన ఆలస్యంతో డిలే టవర్లను నిలపడం శ్రోతకూ పొరుగువారికీ మేలు.
- గాలి, తేమ, ఉష్ణోగ్రత సభాకాలంలోనే మారుతాయి. పరీక్ష సభ జరిగే వేళకు దగ్గరగా జరగాలి.
- సాహిత్యప్రధానమైన తెలుగు కళారూపాలకు చివరివరుసలోని అక్షరస్పష్టతే తుదికొలమానం.

మైకులేని రోజులలో హరికథకుడు చివరివరుస వైపు చూస్తూ పాడేవాడని పెద్దలు చెబుతారు. అక్కడివారి ముఖాలలో కథ తెలుస్తున్నదో లేదో అతడు చదివేవాడు. నేటి ధ్వనినిపుణుడు కూడా సభ మొదలయ్యేముందు మిక్సరువద్దనుండి లేచి చివరివరుసవరకు, ఆపైన మైదానం హద్దువరకు నడిచి వినాలి. మొదటిచోట మాట అర్థమై, రెండవచోట నిద్ర చెడకుండా ఉంటే ఆ ఎంపిక సరైనది.